రాత్‌సీలో ఒక రోజు: బ్యూట్ దీవి రేవు పట్టణాన్ని ఏ వరుసలో చూడాలి

నమస్కారం. స్కాట్లాండ్ పడమటి తీరాన ఉన్న బ్యూట్ దీవికి ముఖ్యపట్టణమైన రాత్‌సీని ఒక్క రోజులో శ్రద్ధగా చూసి రావడం ఎలాగో ఈ వీడియోలో వివరిస్తాను. ఇంగ్లీషు అక్షరాలను చూసి చాలామంది దీనిని రోథెసే అని చదువుతారు గానీ, అక్కడివారు పలికేది రాత్‌సీ అనే. గ్లాస్గోలో ఉంటున్న మన తెలుగువారికి ఈ ఊరు రెండు గంటల లోపు ప్రయాణమే.

గ్లాస్గో సెంట్రల్ స్టేషన్‌లో వీమ్స్ బే రైలు ఎక్కండి. రైలు దిగగానే ఫెర్రీ కోసం పరుగెత్తకండి, ఎందుకంటే 1903లో జేమ్స్ మిల్లర్ రూపకల్పనతో కట్టిన ఆ స్టేషనే మీరు చూడవలసిన మొదటి చారిత్రక కట్టడం. గుండ్రటి టికెట్ గది చుట్టూ ఉక్కు కమానులు గొడుగు ఊచల్లా విచ్చుకుని గాజు పైకప్పును మోస్తుంటాయి. అక్కడి నుంచి పైకప్పు ఉన్న వెడల్పాటి నడవ వంపు తిరుగుతూ, కిందికి వాలుతూ, తిన్నగా రేవులోకి దిగుతుంది. జూలైలో గ్లాస్గో ఫ్యాక్టరీలకు సెలవులిచ్చినప్పుడు కార్మిక కుటుంబాలు పెట్టేబేడా సర్దుకుని వేల సంఖ్యలో ఇక్కడ దిగి, స్టీమర్లెక్కి దీవులకు వెళ్ళేవి. ఆ ప్రయాణాన్ని వాళ్ళు తమ యాసలో 'డూన్ ద వాటర్', అంటే నీళ్ళ వెంట దిగువకు, అనేవారు. అంతమంది తోసుకోకుండా రైలు నుంచి పడవలోకి చేరాలన్న అవసరమే ఆ నడవకు అంత వెడల్పును ఇచ్చింది.

ఫెర్రీ ప్రయాణం 35 నిమిషాలు. వాన లేకపోతే పై డెక్ మీద నిలబడండి. సముద్రపు ఒడ్డున వరుసగా నిలబడ్డ విక్టోరియా కాలపు రాతి ఇళ్ళు కనిపించగానే, ఈ ఊరు ఆ స్టీమర్ల మీద వచ్చిన జనం కోసమే ఇంతగా పెరిగిందని మీకు అర్థమవుతుంది.

దిగిన చోటనే, రేవు మీదనే రెండవ కట్టడం ఉంది. అది 1899లో రాత్‌సీ హార్బర్ ట్రస్ట్ కట్టించిన ప్రజా మరుగుదొడ్డి. మరుగుదొడ్డిని చూడటానికి ఇంత దూరం రావాలా అని మీకు అనిపించవచ్చు, కానీ లోపలికి వెళ్ళి నిదానంగా గమనించండి. ట్వైఫర్డ్స్ సంస్థ తయారుచేసిన 20 యూరినల్స్‌లో 14 గోడల వెంబడి, 6 మధ్యనున్న స్తంభం చుట్టూ అమర్చి ఉన్నాయి. వాటి పైన పక్కలకు గాజు పలకలు బిగించిన నీటి తొట్టెలు ఉన్నాయి. తొట్టెలో నీరు నిండటం బయటికే కనిపిస్తుంది. అక్కడి నుంచి తళతళలాడే రాగి గొట్టాలు కిందికి దిగుతాయి. నేలంతా మొజాయిక్, దాని మీద పట్టణ చిహ్నం. సెలవుకు వచ్చిన కూలివాడు కాలు పెట్టే చోటికి కూడా ఇంత పనితనం అక్కర అని ఆనాటివారు అనుకున్నారు, అందుకే నాకు ఈ గది అంటే అంత గౌరవం. 1994లో దీనిని పునరుద్ధరించారు. మొదట ఇది మగవారికి మాత్రమే కట్టింది కనుక, చూడాలనుకునే మహిళలు లోపల ఎవరూ లేని సమయం కోసం అక్కడి సిబ్బందిని అడగండి.

ఒడ్డు వెంబడి కనిపించే గుండ్రటి గోపురపు భవనం 1920లలో పోత ఇనుముతో, గాజుతో కట్టిన వింటర్ గార్డెన్ అనే వినోదశాల. ఇంకొంచెం ముందుకు వెళ్తే 1938 నాటి మరో వినోదశాల, పెవిలియన్, ఉంటుంది. వీటిని బయటి నుంచి చూసి కోట వైపు నడవండి, ఎందుకంటే ఎక్కువ సమయం కేటాయించవలసినది అక్కడే.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు వంతెన దాటి నేరుగా కోటలోకి వెళ్ళిపోయి, చూడవలసిన గోడను చూడకుండానే తిరిగి వచ్చాను. మీరు ముందు కందకం చుట్టూ ఒకసారి నడవండి. రాత్‌సీ కోట ప్రాకారం వలయాకారంలో ఉంటుంది; స్కాట్లాండ్‌లో ఇలాంటి కోట మరొకటి లేదు. దానికి నాలుగు గుండ్రటి బురుజులు, వాటిలో బాగా నిలిచి ఉన్నది పావురాల బురుజు. ప్రాకారాన్ని సగం ఎత్తు దగ్గర పరిశీలించండి. కింది భాగంలో చక్కగా చెక్కిన రాళ్ళు ఉంటాయి, ఒక స్థాయి దాటాక కట్టుబడి మారిపోతుంది. ఆ రెండూ కలిసే చోట, పళ్ళవరసలాంటి పాత కోటకొమ్మల ఆకారం గోడలోనే పూడిపోయి కనిపిస్తుంది. తరువాతి కాలంలో గోడను ఎత్తు పెంచినప్పుడు పాత కొమ్మల మధ్య సందులను పూడ్చి, వాటి మీదనే కట్టుకుంటూ పోయారు.

ఆ పాత గోడ మీదకే 1230లో నార్వే సేన వచ్చింది. రాయి మెత్తగా ఉండటంతో వాళ్ళు చెక్క కప్పుల కింద తలదాచుకుని గోడను గొడ్డళ్ళతో తొలిచారనీ, పైనున్నవారు కాగిన తారు కుమ్మరించారనీ నార్వే రాజు హాకోన్ చరిత్ర చెప్పే నార్స్ సాగా, అంటే ఆనాటి పాత గాథ, వర్ణిస్తుంది. 1263లో హాకోన్ నౌకాదళం ఈ కోటను మళ్ళీ పట్టుకుంది. మూడేళ్ళ తరువాత, 1266లో, నార్వే, స్కాట్లాండ్‌ల మధ్య కుదిరిన పెర్త్ ఒప్పందంతో పడమటి దీవులు స్కాట్లాండ్‌కు దక్కాయి. ఈ నేపథ్యం తెలుసుకుని గోడను చూసినప్పుడు, సముద్రం ఎంత దగ్గరలో ఉందో ఒకసారి వెనుదిరిగి గమనించండి.

ఇప్పుడు లోపలికి వెళ్ళండి. ముందుకు పొడుచుకు వచ్చిన ద్వారభవనం నాలుగవ, ఐదవ జేమ్స్ రాజుల కాలానిది. లోపలి ఆవరణలో సెయింట్ మైకేల్ ప్రార్థనా మందిరపు శిథిలం ఉంది. 1398లో మూడవ రాబర్ట్ తన పెద్ద కొడుకు డేవిడ్‌కు ఇచ్చిన డ్యూక్ ఆఫ్ రాత్‌సీ బిరుదు నేటికీ రాజ్య వారసుడిదే. ప్రిన్స్ విలియంను స్కాట్లాండ్‌లో ఆ పేరుతోనే వ్యవహరిస్తారు. కోట ఇలా శిథిలం కావడానికి 1659లో ఇంగ్లండ్ పాలకుడైన క్రాంవెల్ పంపిన సైనికులు వెళ్ళిపోతూ చేసిన కూల్చివేత, 1685లో జరిగిన దహనం కారణాలు. రాతి మరమ్మతుల వల్ల కొన్ని భాగాలను మూసి ఉంచే సందర్భాలు ఉంటాయి కనుక, బయలుదేరే ముందు కోటను చూసుకునే సంస్థ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో వేళలు చూసుకోండి.

కోట నుంచి హై స్ట్రీట్ వెంబడి పైకి నడిస్తే హై కర్క్ చర్చి పక్కన సెయింట్ మేరీ చాపెల్ కనిపిస్తుంది. చాలామంది ఇంతవరకు రారు, మీరు మాత్రం తప్పకుండా రండి. అక్కడ గోడ గూళ్ళలో రెండు మధ్యయుగపు సమాధులున్నాయి. ఒకదాని మీద కవచం ధరించిన యోధుడు, మరొకదాని మీద బిడ్డతో ఉన్న స్త్రీ రాతిలో పడుకుని ఉంటారు. శతాబ్దాల తరబడి అరిగిన ఆ ముఖాల ముందు కాసేపు నిలబడండి.

మధ్యాహ్నం తరువాత రేవు దగ్గర బస్సెక్కి, దక్షిణంగా సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న మౌంట్ స్టూవర్ట్ భవనానికి వెళ్ళండి. 1877లో పాత ఇల్లు కాలిపోయాక, మూడవ మార్క్విస్ ఆఫ్ బ్యూట్ అనే బిరుదున్న ప్రభువు కోసం రోవాండ్ ఆండర్సన్ ఈ గోథిక్ భవనానికి రూపకల్పన చేశారు. పాలరాతి హాలులో తల పైకెత్తి పైకప్పు చూడండి, అక్కడ నక్షత్ర మండలాలున్నాయి. పై కిటికీల రంగు గాజుల్లో పన్నెండు రాశులు ఉన్నాయి. తెల్లని పాలరాతి ప్రార్థనా మందిరంలో, ఎండ ఉన్న రోజున, పైనున్న ఎర్ర గాజుల నుంచి దిగే వెలుగు గోడల మీద పడుతుంది. చలికాలంలో ఈ భవనం తెరవరు, మిగతా నెలల్లో కూడా ముందుగా వేళలు నిర్ధారించుకోవాలి.

తిరుగు బస్సు సమయాన్ని, చివరి ఫెర్రీ సమయాన్ని ఉదయమే రాసుకోండి. గాలి బలంగా వీచే రోజుల్లో సర్వీసులు రద్దవుతుంటాయి కాబట్టి, అలాంటి సూచన ఉన్నప్పుడు చివరి పడవ కోసం ఆగకుండా దానికి ముందుదానిలోనే బయలుదేరండి.