బాఖ్ ఫ్యూగ్‌ను ఆపేసిన చోటు

ఫ్యూగ్ (ఒక గొంతు ఎత్తుకున్న వరసను మిగతా గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే పాశ్చాత్య సంగీత రూపం) అంటే లెక్కల సంగీతం, అది మెదడుకే గానీ మనసుకు పట్టదు అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికి జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన బి మైనర్ మాస్‌లోని (మాస్ అంటే చర్చి ఆరాధనలోని లాటిన్ మాటలకు కట్టిన పెద్ద గాన రచన) ‘కాన్‌ఫిటెయోర్’ (‘ఒప్పుకుంటున్నాను’) అనే భాగం ఒక్కటి చాలు.

బాఖ్ 1750లో చనిపోయాడు. ఈ మాస్‌ను ఒక కొలిక్కి తెచ్చింది అంతకు కాస్త ముందే. కాన్‌ఫిటెయోర్‌లో ఐదు గొంతులుంటాయి, పై స్థాయి నుంచి కిందికి: రెండు సోప్రానోలు, ఆల్టో, టెనర్, బాస్. వయొలిన్లు, ట్రంపెట్లు ఏవీ లేవు. కింద చెల్లో, ఆర్గన్ లాంటి బేస్ వాద్యాలు మాత్రం ఆగకుండా నడుస్తుంటాయి.

ముందు ఒక గొంతు ‘ఒకే బాప్తిస్మాన్ని ఒప్పుకుంటున్నాను’ అని ఎత్తుకుంటుంది. అది సాగుతుండగానే రెండో గొంతు అదే వరసను వేరే స్థాయిలో అందుకుంటుంది, ఆ వెనకే మూడోది. ఐదూ చేరాక ‘పాప క్షమాపణ కోసం’ అంటూ ఇంకో వరస ఇదే పద్ధతిలో వస్తుంది. కాసేపటికి ఆ రెండు వరసల్నీ బాఖ్ కలిపి పాడిస్తాడు. పాటంటే ఒక్క వరసే అని అలవాటుపడిన మన చెవికి మొదట కంగారుగానే ఉంటుంది. అన్నీ వినాలని టెన్షన్ పడొద్దు, ఏదో ఒక గొంతును పట్టుకోండి.

ఇంత దట్టమైన అల్లికలోకి చర్చిలో శతాబ్దాలుగా పాడుతూ వచ్చిన పాత గ్రెగోరియన్ వరస ఒకటి దిగుతుంది. బాస్ మొదలుపెడితే, వెనువెంటనే ఆల్టో. తర్వాత టెనర్ అదే వరసను రెట్టింపు నిడివి స్వరాలతో తాపీగా పాడుతుంది. చుట్టూ ఫ్యూగ్ మాత్రం ఎక్కడా తెగదు. నన్ను ప్రతిసారీ కదిలించేది ఈ టెనరే.

ఆ తర్వాత బాఖ్ ఫ్యూగ్‌నే ఆపేస్తాడు. వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ‘మృతుల పునరుత్థానం కోసం ఎదురుచూస్తున్నాను’ అనే మాటల దగ్గర స్వరాలు ఏ శ్రుతిలోనూ నిలవక తడుముకుంటూ వెళ్తాయి. అంత నిశ్చయంగా విశ్వాసాన్ని చెప్పిన మనిషి చావు మాట ఎత్తేసరికి వణికినట్టు వినిపిస్తుంది నాకు. ముందు నడిచిన ఫ్యూగ్ చెవిలో లేకపోతే ఈ వణుకు మనకు తెలియనే తెలియదు. ఆ వెంటనే వచ్చే తర్వాతి భాగంలో అవే మాటలు డి మేజర్ శ్రుతిలో, ట్రంపెట్లు, డ్రమ్ములతో పైకి లేస్తాయి.

ఈ చివరి భాగాన్నే విడిగా క్లిప్‌గా వినేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి అలా వినకండి. కాన్‌ఫిటెయోర్ మొదటి స్వరం నుంచే పెట్టుకోండి, ముందు బాస్ వెంట వెళ్లండి, ఇంకోసారి టెనర్ వెంట.