మాయాబజార్‌ను మోసిన చిన్న పాత్రలు

ప్రేక్షక మిత్రులందరికీ నమస్కారం. ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది 1957 మార్చి 27న విడుదలైన విజయా వారి ‘మాయాబజార్’ గురించే. అయితే కృష్ణుడిగా ఎన్.టి. రామారావు గారి గురించి, శశిరేఖగా సావిత్రి గారి గురించి, ఘటోత్కచుడిగా ఎస్.వి. రంగారావు గారి గురించి ఎందరో పెద్దలు ఇప్పటికే వివరంగా చెప్పి ఉన్నారు. నేను వారి వెంట తిరిగే గురువులు, శిష్యులు, పురోహితులు, సారథుల గురించి చెప్పాలనుకుంటున్నాను. ఎందుకంటే ఈ కథ అసలు నడిచేది ఆ చిన్నవాళ్ల చేతుల మీదుగానే అని నా గట్టి నమ్మకం.

ఒక్క సంగతి గమనించండి. ఇది పాండవుల ఇంటి కుర్రవాడు అభిమన్యుడి పెళ్లి కథ. అయినా సుమారు మూడు గంటల సినిమాలో ఆ ఐదుగురిలో ఒక్కరూ తెర మీదికి రారు. వారు రాజ్యం పోగొట్టుకున్నారన్న వార్త మాత్రం ద్వారకకు చేరుతుంది, దానితో శశిరేఖ తల్లి రేవతీదేవి మనసు మారిపోయి, అభిమన్యుడికి అనుకున్న కూతురిని దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇవ్వాలనుకుంటుంది. దర్శకుడు కె.వి. రెడ్డి గారు, రచయిత పింగళి నాగేంద్రరావు గారు అంతటి మహావీరులను కథ బయటే ఉంచడం వల్ల, మామూలుగా చిన్న పాత్రలకు దొరకని చోటు ఇక్కడ పుష్కలంగా దొరికింది.

ఆ చోటును అందరికంటే బాగా వాడుకున్నది చిన్నమయ్య. రమణారెడ్డి గారి బక్కపలుచని శరీరం రంగారావు గారి భారీ విగ్రహం పక్కన నిలబడితేనే మనకు నవ్వు వస్తుంది, కానీ ఆ పాత్ర కేవలం నవ్వు కోసం పుట్టినది కాదు. ఆయన రాక్షసులకు చదువు చెప్పే గురువు. శిష్యుల నోట ‘అస్మదీయులు’ కాస్తా ‘అసమదీయులు’ అయిపోతే ఆయన ప్రాణం విలవిలలాడుతుంది. దానికి ఎదురుమాటగా ‘తసమదీయులు’ పుట్టుకొచ్చినప్పుడు ఆయన అభ్యంతరం చెప్పబోతే, ఎవరూ పుట్టించకుండా మాటలు ఎలా పుడతాయని ఘటోత్కచుడు ఆ మాట అన్నవాడికే వీరతాళ్లు వేయిస్తాడు. పండితుడికి, పలుకుబడికి మధ్య ఉన్న పాత తగవును ఇంత హాయిగా తేల్చిన సన్నివేశం తెలుగు తెర మీద నేను మరొకటి చూడలేదు. 2010లో రంగులద్దిన ప్రతి విడుదలైనప్పుడు నేను థియేటరుకు వెళ్తే, నా ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన ప్రతి మాటనూ తెర కంటే ఒక్క క్షణం ముందే పలుకుతూ కూర్చున్నారు. ఆయన పెదవుల మీద ఆడిన మాటల్లో ఎక్కువ భాగం ఈ చిన్నమయ్యవీ, ఆయన శిష్యులైన లంబు జంబులవీ.

ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే, సినిమా పేరుకు కారణమైన ఆ మాయానగరాన్ని తన మంత్రబలంతో నిలబెట్టేది చిన్నమయ్యే. కౌరవులతో ఆ పెళ్లి తప్పించే పథకం కృష్ణుడిది, బలం ఘటోత్కచుడిది, పనితనం మాత్రం చిన్నమయ్యది. మగపెళ్లివారికి విడిది అమర్చడంలో ఆయన పడే శ్రద్ధ చూస్తే, మన ఊళ్లలో పెళ్లి పనులన్నీ నెత్తిన వేసుకుని తిరిగే పెద్దమనిషి గుర్తుకు రాక మానడు.

అన్ని పాత్రలకూ ఈ భాగ్యం దక్కిందని చెప్పలేను. కర్ణుడు, దుశ్శాసనుడు సభలో నిండుదనం కోసం నిలబడినట్టే ఉంటారు, వారికంటూ గుర్తుండే ఘట్టం ఒక్కటి కూడా లేదు. అదే కౌరవ పక్షంలో శర్మ, శాస్త్రి అనే ఇద్దరు పురోహితులను చూడండి. అల్లు రామలింగయ్య గారు, వంగర వెంకటసుబ్బయ్య గారు పోషించిన ఈ ఇద్దరికీ అప్పగించిన పని ఆడపెళ్లివారి మర్యాదల్లో లోపాలు వెతకడం. వంటకాలన్నీ అమరిన తరువాత కూడా గోంగూర లేదని పట్టుబడతారు. ఆ ఆంధ్రశాకం లేనిదే తమ ప్రభువులకు ముద్ద దిగదని వారు చెబుతుంటే, ద్వాపరయుగపు పెళ్లి ఒక్కసారిగా గుంటూరు వైపు వచ్చి వాలుతుంది. కంబళికి తోడుగా గింబళి, తల్పానికి తోడుగా గిల్పం పుట్టడం, అవి ఈ ఇద్దరినీ ముప్పుతిప్పలు పెట్టడం కూడా వట్టి అల్లరి కాదు. మగపెళ్లివారి దర్పానికి తొలి దెబ్బ తగిలేది ఆ గదిలోనే. ఆ తరువాత పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడిగా రేలంగి గారు పడబోయే అవస్థకు మనల్ని సిద్ధం చేసేది కూడా ఆ సన్నివేశమే.

చివరగా దారుకుడు. సుభద్రను, అభిమన్యుణ్ణి రథం మీద అడవి దారిన తీసుకువెళ్లే సారథి ఆయన. ఆ పాత్ర వేసినది గాయకుడు మాధవపెద్ది సత్యం గారే. ద్వారకలో అవమానపడి బయలుదేరిన తల్లీకొడుకులు మౌనంగా కూర్చుని ఉంటే, కళ్లేలు పట్టుకున్న సారథి ‘భళి భళి భళి దేవా’ అని అందుకుంటాడు, అలా వారి బాధను, భగవంతుడి మాయను ఒక బండివాడి గొంతు మనకు వినిపిస్తుంది. ఈసారి సినిమా చూసినప్పుడు ఆ గొంతును జాగ్రత్తగా మనసులో పెట్టుకోండి. తరువాత విందు ముందు కూర్చుని ఘటోత్కచుడు ‘వివాహ భోజనంబు’ అని పాడేటప్పుడు, రంగారావు గారి పెదవుల వెనుక మీకు వినిపించేది ఆ సారథి గొంతే.