పద్నాలుగుకీ పద్దెనిమిదికీ మధ్య

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాదు లాడ్‌బజారులో మనం బేరమాడి కొనే లక్కగాజు మీద ఒక్కొక్క రాయినీ అద్దుతున్న చేతులు కొన్నిచోట్ల ఎంత చిన్నవో 2015 జనవరిలో నగరమంతటికీ తెలిసింది. పాతబస్తీలో పోలీసులు సోదాలు జరిపి, కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. వారిలో అత్యధికులు బీహారు నుంచి వచ్చినవారు. విడిపించడానికి ఒక రోజు చాలు. విడిపించిన పిల్లవాడు మళ్లీ ఆ గదికే చేరకుండా చూడటానికి ఏళ్లు పడుతుంది, ఆ పనికి బస్తీయే పూనుకోవాలి.

ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ అనుభవం చెప్పేది ఇదే. 1981లో స్థాపించిన ఈ సంస్థ, ఆచార్య శాంతా సిన్హా నాయకత్వంలో, 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లలను పని మాన్పించి బడిలో చేర్పించింది. వయసుకు తగిన తరగతిని అందుకునే దాకా బ్రిడ్జి శిబిరాల్లో చదివించడం ఒక ఎత్తయితే, ఊరి యువకులను, ఉపాధ్యాయులను, చివరికి ఆ పిల్లలను పనిలో పెట్టుకున్న యజమానులను సైతం ఒప్పించి కలుపుకోవడం మరో ఎత్తు. నా దృష్టిలో రెండోదే గొప్ప. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది.

అయితే నన్ను ఎక్కువగా కలతపెట్టేది పద్నాలుగు దాటిన పిల్లల సంగతి. ఉచిత నిర్బంధ విద్యాహక్కు 14 ఏళ్లతో ఆగిపోతుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 నిండినవారిని ప్రమాదకరం కాని పనుల్లో పెట్టుకోవచ్చు. బాలల న్యాయ చట్టం మాత్రం 18 నిండేదాకా బాలలేనంటుంది. ఒక చట్టం చేయి వదిలేసి, మరో చట్టం ఇంకా బాలలేనంటున్న ఆ నాలుగేళ్లలోనే పిల్లవాడు బడికి దూరమై, చెడు సావాసాలకు, మత్తుకు దగ్గరవుతాడు.

పాతబస్తీలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే సాయంకాలపు కేంద్రంలో అలాంటి అబ్బాయిని చూశాను. కమ్యూనిటీ హాలులో ఒక మూల క్యారమ్ బోర్డు, మరో మూల నల్లబల్ల. పదహారేళ్ల ఆ అబ్బాయి వేలికొనలు లక్క వేడికి కాయలు కాసి నున్నబడి ఉన్నాయి. పెన్ను జారిపోతుంటే అరచేతిని చొక్కాకు తుడుచుకుంటూ లెక్కలు చేస్తున్నాడు. "అబ్బ తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా సేఠ్ వదలడు సార్" అన్నాడు.

అప్పు పేరు చెప్పి మనిషిని పనికి కట్టిపడేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించింది; ఆ అప్పును కూడా అది రద్దు చేసింది. ఆ మాటను బస్తీ పొదుపు సంఘం మహిళలకు కేంద్రం కార్యకర్త విడమరచి చెప్పింది. ఎనిమిది మంది కలిసి కార్ఖానా గడపలో నిలబడ్డారు. ఒక్కతే తల్లి వెళ్లి ఉంటే ఆ తలుపు తెరుచుకునేది కాదు.

14 నిండినవారు ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. మీ వీధిలో ఇలాంటి పిల్లలుంటే ఈ సంగతి వారికి చెప్పండి. పిల్లలెవరైనా ఆపదలో ఉన్నారనిపిస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. ఆ నంబరు పగలూ రాత్రీ పనిచేస్తుంది.

నేను వచ్చేసరికి కార్యకర్త హాజరు పుస్తకం తిరగేస్తోంది. ఒక పేరు ఎదుట వరుసగా మూడు సున్నాలు కనిపించాయి. పుస్తకం మూసి, చెప్పులు వేసుకుని, ఆ పిల్లవాడి ఇంటికి బయలుదేరింది.