బయాప్సీ లేకుండా లివర్ మచ్చ: ఆ అంకెను ఎలా చదవాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. హెపటైటిస్ సి వల్ల లివర్ ఎంతవరకు మచ్చకట్టిందో చెప్పాలంటే ఒకప్పుడు బయాప్సీయే, అంటే సూదితో లివర్ ముక్క తీసి పరీక్షించడమే దిక్కు. డాక్టర్ గారూ, ఇప్పుడు ఎక్కడ మొదలుపెడతారు?

హెపటాలజిస్ట్: మామూలు రక్తపరీక్షలతోనే. లివర్ ఎంజైములైన ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ఇంకా ప్లేట్‌లెట్లు, వయసు చాలు. వయసును ఏఎస్‌టీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించి, దాంతో భాగించాలి. అదే ఫిబ్-4. ఉదాహరణకు వయసు 52, ఏఎస్‌టీ 80, ఏఎల్‌టీ 100, ప్లేట్‌లెట్లు లక్షా ముప్పై వేలు అనుకుందాం. ప్లేట్‌లెట్లను వేలల్లో 130గా వేసి, 4160ని 1300తో భాగిస్తే 3.2.

వ్యాఖ్యాత: అంటే మంచిదా, చెడ్డదా?

హెపటాలజిస్ట్: 1.45 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 3.25 దాటితే ఎక్కువ. ఈ మనిషి మధ్యలో, పైగీతకు ఆనుకుని ఉన్నాడు. ఇక్కడితో ఆగకూడదు, స్కాన్ చేయించాలి. ఒక్క మాట, ప్లేట్‌లెట్లను వేలల్లో వేయాలి. లక్షా ముప్పై వేలకు 130. పొరపాటున 1.3 అని వేస్తే జవాబు 320 వస్తుంది!

రేడియాలజిస్ట్: ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కున్నా యంత్రం తక్కువ లెక్క చూపిస్తుంది. అప్పుడూ ఫిబ్-4 ఉత్తినే పెరుగుతుంది.

హెపటాలజిస్ట్: అవును. అనుమానం వస్తే స్మియర్, అంటే గాజుపలక మీద రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూడమనాలి, లేదా సిట్రేట్ అనే వేరే రసాయనం ఉన్న ట్యూబులో రక్తం మళ్లీ తీయాలి. వయసు కూడా లెక్కలో ఉంది కాబట్టి 35 లోపు వాళ్లలో ఈ స్కోరును నమ్మలేం. 65 దాటిన వాళ్లలో మచ్చ లేకున్నా ఎక్కువ వస్తుంది.

వ్యాఖ్యాత: ఇక లివర్ గట్టిదనాన్ని కొలిచే స్కాన్, ఫైబ్రోస్కాన్. మేడం, లోపల ఏం జరుగుతుంది?

రేడియాలజిస్ట్: ప్రోబ్ చర్మం మీద 50 హెర్ట్జ్ కుదుపు ఇస్తుంది. ఆ తరంగం లివర్‌లో ఎంత వేగంగా పరుగెత్తిందో అల్ట్రాసౌండ్ కొలుస్తుంది. గట్టి లివర్‌లో వేగం ఎక్కువ. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచేయి తల వెనక్కి పెట్టించి, పక్కటెముకల సందులో ప్రోబ్‌ను నిటారుగా ఆనిస్తాం. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా రావాలి. భోజనం చేస్తే లివర్‌కు రక్తప్రవాహం పెరిగి గట్టిదనం ఎక్కువగా కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: ఒక్కసారి కొలిస్తే సరిపోతుందా?

రేడియాలజిస్ట్: పది సరైన రీడింగులు కావాలి. వాటి మీడియన్, అంటే వరుసలో పేర్చితే మధ్యన పడే విలువ తీసుకుంటాం. రీడింగుల చెదురు, అంటే ఐక్యూఆర్, మీడియన్‌లో 30 శాతం మించకూడదు. మీడియన్ 9 కిలోపాస్కల్స్ (గట్టిదనాన్ని కొలిచే యూనిట్), ఐక్యూఆర్ 4 అనుకోండి, 44 శాతం అయింది. ఆ రిపోర్టు మీద నిర్ణయం తీసుకోవద్దు. చర్మం నుంచి లివర్‌కు దూరం 25 మిల్లీమీటర్లు దాటితే మామూలు సైజు ఎం ప్రోబ్ పనిచేయదు, పెద్దదైన ఎక్స్‌ఎల్ వాడాలి. పొట్టలో నీరుంటే తరంగం లివర్‌దాకా చేరదు, రీడింగే రాదు.

హెపటాలజిస్ట్: మచ్చ తీవ్రతను ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా దశలుగా చెబుతాం. హెపటైటిస్ సి లో సుమారు 7.1 కిలోపాస్కల్స్ దాటితే ఎఫ్2, 9.5 దాటితే ఎఫ్3, 12.5 దాటితే చివరి దశ ఎఫ్4, అంటే సిర్రోసిస్ అని చూస్తాం. కానీ యంత్రం కొలిచేది మచ్చను కాదు, గట్టిదనాన్ని. వాపు, గుండె వైఫల్యంతో లివర్‌లో నిలిచిన రక్తం, పిత్తనాళం అడ్డుపడటం, ఇవన్నీ లివర్‌ను గట్టిపరుస్తాయి. ఏఎల్‌టీ మామూలు గరిష్ఠానికి ఐదు రెట్లు ఉన్న రోజున వచ్చిన 14ను సిర్రోసిస్ అనడం తొందరపాటు. ఏఎల్‌టీ దిగాక మళ్లీ చూడాలి. అప్పటికీ స్కోరు ఒకటి, స్కాన్ ఇంకొకటి చెబితే, లేదా లివర్‌లో వేరే జబ్బు అనుమానం ఉంటే బయాప్సీ తప్పదు.

వ్యాఖ్యాత: మందులు వాడి నయమైనవాళ్ల రీడింగు బాగా తగ్గుతోంది. మచ్చ పోయినట్టేనా?

హెపటాలజిస్ట్: ఈ ప్రశ్న దగ్గర అందరూ జాగ్రత్తగా వినాలి. మందులు ఆపిన 12 వారాలకు వైరస్ కనిపించకపోతే జబ్బు నయమైనట్టే. వైరస్ పోగానే వాపు తగ్గుతుంది, దాంతో రీడింగూ పడిపోతుంది. మచ్చ కరగడానికి ఏళ్లు పడుతుంది, కొందరిలో కరగదు కూడా. నేను చెప్పిన 7.1, 12.5 గీతలు వైరస్ ఉన్నవాళ్లలో తేల్చినవి, నయమయ్యాక అవి వర్తించవు. చికిత్సకు ముందు 16 ఉండి ఇప్పుడు 8 వచ్చిన మనిషి ఆరునెలలకోసారి అల్ట్రాసౌండ్ మానేస్తే, లివర్ క్యాన్సర్ మొదట్లో దొరకదు.

రేడియాలజిస్ట్: అందుకే చికిత్సకు ముందు తీసిన స్కాన్ రిపోర్టును పారేయకండి. మీడియన్, ఐక్యూఆర్, ఏ ప్రోబ్, ఆ వారం ఏఎల్‌టీ ఎంత, ఈ నాలుగూ అందులో ఉన్నాయో లేవో చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకోండి.