చిత్రం, రచన, సంగీతం, గానం

(విజయనగరంలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగం)

పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, పాట మీద ప్రేమతో ఈ సాయంత్రం వచ్చిన అందరికీ నమస్కారం.

పాత పాటల గురించి మాట్లాడమని అడిగినప్పుడు కాస్త టెన్షన్ పడ్డాను. విజయనగరంలో నిలబడి పాట గురించి మాట్లాడటమంటే మాటలా? ఘంటసాల గారు ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి సంగీతం కోసం ఈ ఊరొచ్చారు. పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకుంటూ, జోలె భుజాన వేసుకుని, ఈ వీధుల్లోనే మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. సుశీల గారిది ఈ ఊరే. సాలూరి రాజేశ్వరరావు గారిది ఆ పక్కన సాలూరు దగ్గర శివరామపురం. ఇక మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? అందుకే పాట కట్టినవాళ్ళ గొప్పతనం మీకే వదిలేసి, పాట విన్నవాళ్ళ గురించి చెబుదామని వచ్చాను. అందులోనూ ఒక్క మనిషి గురించి. మా అమ్మ.

ఇదిగో, ఈ నోట్‌బుక్కు ఆవిడది. రెండువందల పేజీల రూళ్ళ పుస్తకం. అసలు అట్ట ఎప్పుడో ఊడిపోయింది. పాత క్యాలెండరు కాగితంతో మళ్ళీ అట్ట వేసింది. తిరగేసి చూస్తే లోపలివైపు లక్ష్మీదేవి పాదాలు, కింద సగం తెగిన ఏకాదశి తేదీలు కనిపిస్తాయి. మొదటి పేజీలో 1963 అని వేసుంది. అప్పటికి ఆవిడకి పెళ్ళి కాలేదు. గజపతినగరం దగ్గర పల్లెలో పుట్టింట్లో ఉంది. ఆ ఊరికి ఇంకా కరెంటు రాలేదు. మా పెద్ద మామయ్య బరంపురంలో ఉద్యోగం చేస్తూ, బ్యాటరీలతో నడిచే ట్రాన్సిస్టరు ఒకటి తెచ్చిపెట్టాడు. దానికి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాలి. లైసెన్సు డబ్బులకీ బ్యాటరీలకీ మా అమ్మమ్మ పెరట్లో కాసిన కాయగూరలు అమ్మేదట.

ఆ రోజుల్లో సినిమా పాట వినాలంటే ఎంత తిప్పలో ఇప్పటి పిల్లలకి చెప్పినా నమ్మరు. 1952లో బి.వి. కేస్కర్ గారు ప్రసార మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మూగబోయాయి. సినిమా పాటలు వింటే జనం అభిరుచి చెడిపోతుందని ఆయన గట్టిగా నమ్మారు. జనం ఊరుకుంటారా? శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌కి తిప్పుకున్నారు. 1957 అక్టోబరులో విజయనగరం నుంచి కాశ్మీరు దాకా అందరికీ వినిపించాలని ఆకాశవాణే సినిమా పాటలతో వివిధభారతి మొదలుపెట్టింది గానీ, అప్పటికే సిలోన్ ఇంటింటి చుట్టమైపోయింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసుకున్న వేళకి కాసేపు తెలుగు పాటలు వచ్చేవి. అది షార్ట్‌వేవ్. సముద్రం అవతలి నుంచి రావాలి కదా, పాట కెరటంలాగే వచ్చేది. దగ్గరికొచ్చి, గట్టిగా వినబడి, ఉన్నట్టుండి వెనక్కి పోయేది. మళ్ళీ వచ్చేసరికి ఒక పాదం మాయం.

అలా మాయమైన పాదాల కోసమే ఈ నోట్‌బుక్కు పుట్టింది.

పాట రాసుకోవడానికి వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పాట ఉండేది మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. లక్క రికార్డు మీద ఒక వైపు పట్టేది అంతే కాబట్టి పాటలు కూడా ఆ కొలతకే కట్టేవాళ్ళు. మూడు నిమిషాల్లో ఒక్క మనిషి మొత్తం పాట రాయడం అయ్యే పని కాదు. అందుకని అమ్మ, పిన్ని, పక్కింటి అమ్మాయి ముగ్గురూ అరుగు మీద కూర్చునేవాళ్ళు. మొదటి పాదం పిన్ని పట్టుకోవాలి, రెండోది అమ్మ, మూడోది పక్కింటి అమ్మాయి, నాలుగోది మళ్ళీ పిన్ని. ఎవరి పాదం వాళ్ళు మనసులో తిప్పుకుంటూ ఉండాలి. పాట అయిపోగానే వరసగా అప్పజెబితే అమ్మ రాసేది. వినబడని చోట చుక్కలు పెట్టేది. ఆ పాట మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? పది రోజులకి రావచ్చు, రెండు నెలలకి రావచ్చు. వచ్చిన రోజున చుక్కల మీద మాట పడుతుంది. ఈ పుస్తకంలో ఒకే పాటలో మూడు రంగుల సిరా కనిపించేది అందుకే.

ఒక పేజీ మీకు చూపించాలి. 'రోజులు మారాయి' సినిమాలో 'ఏరువాక సాగారో' పాట. 1955 సినిమా. కొసరాజు గారి రచన, మాస్టర్ వేణు సంగీతం, జిక్కి పాడారు. తెర మీద ఆ పాటకి ఆడింది వహీదా రెహమాన్. ఆవిడ హిందీ సినిమాలకి వెళ్ళకముందు మాట. ఈ వరసే తర్వాత ఎస్.డి. బర్మన్ గారి చేతుల్లో హిందీ పాట అయింది. సరే, ఆ పాటలో రైతు పొలానికి బయల్దేరుతాడు. నవధాన్యాలు గంపకెత్తుకున్నాడు, చద్దన్నం మూట కట్టుకున్నాడు. తర్వాత పాదం సిలోన్ కెరటం ఎత్తుకుపోయింది. 'చేతబట్టుకుని' అన్నది మాత్రం వినబడింది. చేతబట్టుకున్నది ఏమిటి? ముగ్గురికీ తెలియలేదు. అమ్మ చుక్కలు పెట్టింది.

మా తాతయ్య సాయంత్రం పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, వీళ్ళు ఆ చుక్కల దగ్గర ఏం మాట ఉంటుందా అని తర్జనభర్జన పడుతున్నారు. కొడవలి అని ఒకరు, పార అని ఒకరు. తాతయ్యకి చదువు రాదు. రేడియో పెడితే బయటికి వెళ్ళిపోయే మనిషి. చెంబు కింద పెట్టి, "చద్ది మూట కట్టుకుని ఎద్దుల్ని తోలుకెళ్ళేవాడి చేతిలో ఏముంటాదే? ములుకోల" అన్నాడట. అమ్మ పెన్సిల్‌తో ములుకోల అని రాసింది. నెల తిరిగాక పాట మళ్ళీ వచ్చింది. ఈసారి ఆ పాదం చక్కగా వినబడింది. ముల్లుగర్ర. ఎద్దుల్ని అదిలించే కర్రే రెండూ. వస్తువు ఒకటే, పేరే వేరు. అమ్మ సిరాతో ముల్లుగర్ర అని రాసింది గానీ, పెన్సిల్ మాట చెరపలేదు. రెండూ ఇక్కడే ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ముందు వరసలో వాళ్ళకి కనిపిస్తుందనుకుంటాను.

ఈ పేజీ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. బాపట్ల వైపు రైతు ఇంట్లో పుట్టిన కొసరాజు గారు మద్రాసులో కూర్చుని రాసిన పాదంలో ఏ మాట పడాలో, పాటే వినని గజపతినగరం రైతుకి తెలిసిపోయింది. పాట మనది అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. ఈ పుస్తకంలో ప్రతి పాట పైనా ఒక గడి గీసి, అందులో నాలుగు మాటలు రాసింది అమ్మ. చిత్రం, రచన, సంగీతం, గానం. సంగీతం నేర్చుకోలేదు, సాహిత్యం చదవలేదు, అయిదో తరగతితో బడి మానేసిన పిల్ల. ఈ నాలుగూ రాయాలని ఎవరు చెప్పారు? రేడియో చెప్పింది. పాట వేసే ముందు అనౌన్సరు ఆ నాలుగూ చదవకుండా పాట వేసేవారు కాదు. పాట ఎంత చిన్నదైనా, సినిమా ఎంత ఫ్లాపైనా సరే. అలా వినీ వినీ దేవులపల్లి కృష్ణశాస్త్రి, సముద్రాల, పింగళి, కొసరాజు, ఆరుద్ర, శ్రీశ్రీ, ఆత్రేయ, దాశరథి, నారాయణరెడ్డి ఇంట్లో మనుషుల పేర్లంత దగ్గరయ్యాయి. మా ఇంట్లో పింగళి గారు అంటే చాలు, ఇంకేదో తమాషా మాట పుట్టించి ఉంటాడని నవ్వుకునేవాళ్ళు. 'మాయాబజార్' వచ్చాక అసమదీయులు, తసమదీయులు అనడం మా పిన్నికి ఊతపదమైపోయింది.

మనవాళ్ళు పాత పాటలంటే ఎందుకంత ప్రాణం పెడతారని చాలామంది అడుగుతారు. పాటలు గొప్పవి కాబట్టి అంటారు కొందరు. పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ లోపు విన్నదీ కన్నదీ మనసులో గట్టిగా నాటుకుంటుందని మనస్తత్వ శాస్త్రం తెలిసినవాళ్ళు చెబుతారు. రెండూ నిజమే. నాకు మాత్రం ఇంకొకటి అనిపిస్తుంది. ఆ తరం వాళ్ళు పాట వినేటప్పుడే దాని వెనక మనుషులున్నారని తెలుసుకుని విన్నారు. పాటతో పాటు ఆ మనుషుల్ని కూడా గుర్తుపెట్టుకున్నారు.

ఆ అనౌన్సుమెంటు కూడా పూర్తి నిజం చెప్పేది కాదు, అది వేరే మాట. 'లాహిరి లాహిరి లాహిరిలో' పేజీలో సంగీతం అన్న చోట ఘంటసాల అని ఉంది. సినిమా టైటిల్స్‌లోనూ అంతే. కానీ పక్కన మార్జిన్‌లో, చాలా ఏళ్ళ తర్వాతి బాల్ పాయింట్ పెన్నుతో, 'వరస సాలూరి వారిదట' అని రాసింది అమ్మ. సాలూరి వారు 'మాయాబజార్'కి కొన్ని పాటల వరసలు కట్టి మధ్యలో తప్పుకుంటే, ఘంటసాల గారు మిగతావి కట్టి, అన్నిటినీ రికార్డు చేయించారని సంగీతం సంగతులు రాసేవాళ్ళు చెబుతారు. ఏ పత్రికలోనో చదివినట్టుంది. ఎక్కడ చదివినా, ఎవరికి చెందాల్సింది వాళ్ళకి చెందాలని పాత పుస్తకం తీసి దిద్దుకుంది చూడండి, అది నాకు చాలా పెద్ద విషయం.

ఈ పేర్లు ఎప్పుడు రాలిపోయాయో నాకు బాగా గుర్తు. 1980ల్లో ఊరూరా క్యాసెట్ రికార్డింగ్ సెంటర్లు వచ్చాయి. మనకి కావలసిన పాటల లిస్టు ఇస్తే ఖాళీ క్యాసెట్ మీద ఎక్కించి ఇచ్చేవాళ్ళు. అరవై నిమిషాల క్యాసెట్ అయితే పద్నాలుగు, పదిహేను పాటలు. అమ్మ రాత్రంతా కూర్చుని లిస్టు రాసింది, నాలుగు గడులూ గీసి మరీ. షాపులో కుర్రాడు కాగితం చూసి, "ఇవన్నీ ఎందుకండీ, సినిమా పేరొకటి చాలు" అన్నాడు. అతనిది తప్పని నేననను. అతని పని అంతవరకే. మూడు రోజుల తర్వాత క్యాసెట్ వచ్చింది. అట్ట మీద సినిమా పేర్లు మాత్రమే ఉన్నాయి. అమ్మ దాన్ని టేప్ రికార్డర్‌లో పెట్టి, ప్రతి పాటకీ ముందు పాజ్ నొక్కి, రచన ఫలానా, సంగీతం ఫలానా అని తనే చెప్పి ప్లే నొక్కేది. మేం చిన్నపిల్లలం. పాట ఆపొద్దని గొడవ చేసేవాళ్ళం.

ఇప్పుడు ఫోన్‌లో లక్ష పాటలు. అడిగిన క్షణంలో వస్తాయి. దానికి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ ఈ మధ్య ఒక యాప్‌లో 'మల్లీశ్వరి' పాట పెట్టుకుంటే, కృష్ణశాస్త్రి గారి పేరు ఎక్కడా లేదు. హీరో పేరు ఉంది. 1951లో ఆయన సినిమాకి రాసిన మొదటి పాటలు అవి. తెలుగువాళ్ళు డెబ్బై ఏళ్ళకి పైగా పాడుకుంటున్నారు. ఆ పేరు లేకపోతే ఎలా? సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు అదృష్టవంతులు. 1986లో వచ్చిన సినిమా పేరే ఆయన ఇంటిపేరు అయిపోయింది కాబట్టి జనం మరిచిపోయే వీల్లేదు. అందరికీ అలా జరగదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఫలానా సంవత్సరం తర్వాత పాటే లేదనే వాళ్ళతో నేను కలవను. ఈ పుస్తకంలో నూట యాభైకి పైగా పాటలున్నాయి. వాటిలో సగం మీలో ఎవరూ విని ఉండరు. సాదాసీదా పాటలు, ఒక్క వారం ఆడిన సినిమాల పాటలు. అమ్మ వాటిని కూడా ఇంతే శ్రద్ధగా, ఇదే దస్తూరీతో రాసింది. మంచి పాట, మామూలు పాట అని తేడా చూపించలేదు. ఇవాళ్టి పాటల్లోనూ నాకు ప్రాణమైనవి ఉన్నాయి. మా అమ్మాయి వింటుంటే రాసిందెవరో చెప్పమని అడుగుతాను. వెతికి చెబుతుంది. కొన్నిసార్లు దొరకదు.

చివరగా ఒక సాయం అడగటానికి వచ్చాను.

ఈ పుస్తకంలో గానం అన్న చోట చాలా పాటలకి 'ఘంటసాల బృందం', 'సుశీల బృందం', 'జిక్కి బృందం' అని ఉంటుంది. అనౌన్సరు అలాగే చదివేవారు, అమ్మ అలాగే రాసింది. కానీ బృందం అన్న మాట పక్కన ప్రతిచోటా ఒక అంగుళం జాగా వదిలింది. నేనొకసారి అడిగితే, "వాళ్ళకీ పేర్లుంటాయి కదా, ఎప్పుడో ఒకప్పుడు చెబుతారేమో" అంది. కోరస్‌లో గొంతు కలిపినవాళ్ళు, వెనక వయొలిన్ వాయించినవాళ్ళు, డోలక్ పట్టుకున్నవాళ్ళు. అప్పట్లో పాటంతా ఒక్క ఊపులో రికార్డు చేసేవాళ్ళు. ఎవరి దగ్గర ఒక్క స్వరం జారినా అందరూ మళ్ళీ మొదటి నుంచీ చేయాలి. ముప్ఫై నలభై మంది ప్రాణాలు బిగబట్టుకుని మూడు నిమిషాలు పనిచేస్తే ఒక పాట. రేడియో వాళ్ళ పేర్లు చెప్పలేదు. అమ్మ ఆ ఖాళీలు అలాగే వదిలి వెళ్ళిపోయింది.

ఇది సంగీత కళాశాల ఉన్న ఊరు. ఇక్కడ చదివి మద్రాసు వెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వాయించినవాళ్ళు, కోరస్ పాడినవాళ్ళు మీ ఇళ్ళలో, మీ వీధుల్లో ఉండే ఉంటారు. మీ తాతగారో, మేనత్తో, పక్కింటి మాస్టారో ఫలానా పాటకి వాయించాననో, గొంతు కలిపాననో ఎప్పుడైనా చెప్పి ఉంటే, ఆ పాట ఈ పుస్తకంలో ఉందేమో చూడండి. పుస్తకాన్ని వారోత్సవాలు అయ్యేదాకా ఆ కిటికీ పక్కన బల్ల మీద ఉంచడానికి లైబ్రేరియన్ గారు ఒప్పుకున్నారు. పేజీలు పాతబడ్డాయి, మెల్లగా తిప్పండి. కచ్చితంగా తెలిస్తే సిరాతో రాయండి. విన్నమాటైతే పెన్సిల్‌తో. రెండూ పక్కనే పెట్టాను.

నమస్కారం.