ప్రతి గీత వెనకా ఒక పేరు: మన వైజాగ్ అనిమే అభిమానుల పత్రిక రివ్యూ

నమస్తే అండి. ముందే ఒక విషయం చెప్పేస్తాను. ఈ పత్రిక నేను కొన్నది కాదు. దీన్ని తయారుచేసిన మన వైజాగ్ కుర్రాళ్లు, అమ్మాయిలు రివ్యూ కోసం ఒక కాపీ ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇలా చెప్పండి అని కూడా అడగలేదు. పేజీలెన్ని, ధరెంత, ఎక్కడ దొరుకుతుంది అన్నవన్నీ వాళ్ల పోస్టర్‌లోనే ఉన్నాయి, మీలో చాలామంది ఈపాటికే చూసుంటారు. అవి మళ్లీ చదివి మీ టైమ్ తినను. అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సినిమాలు, సిరీస్‌ల మీద అభిమానులు తెలుగులో రాసిన వ్యాసాలు ఇవి. అంతవరకు తెలిస్తే చాలు.

నేరుగా నేను మడత పెట్టుకున్న పేజీకి వెళ్దాం. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. నరుటో షిప్పూడెన్ అనే అనిమే సిరీస్, 167వ ఎపిసోడ్. హీరో నరుటోకీ విలన్ పెయిన్‌కీ జరిగే ఫైట్. చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మొహాలు సాగిపోతాయి, చేతులు రబ్బరులా వంగుతాయి, గీతలు గజిబిజిగా ఉంటాయి. ఆ ఎపిసోడ్‌ని మధ్యలో ఆపేసి, స్క్రీన్‌షాట్ తీసి, "డబ్బులైపోయాయి కాబోలు" అని జనం ఒక ఆట ఆడుకున్నారు. ఇప్పటికీ ఆ మీమ్స్ తిరుగుతూనే ఉన్నాయి.

ఈ పత్రికలో ఒకబ్బాయి ఆ ఒక్క ఎపిసోడ్ గురించే పేజీలకు పేజీలు రాశాడు. ఎంత ఓపిగ్గా రాశాడో! ముందు దాన్ని తీసిందెవరో చెప్పాడు: అత్సుషి వకబయాషి. దీనికి ముందొచ్చిన పాత నరుటో సిరీస్‌లో 133వ ఎపిసోడ్, అదే, లోయలో నరుటో, అతని స్నేహితుడు సాసుకే కొట్టుకునేది, అది తీసింది కూడా ఈయనే. దాన్ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు, దీన్ని మాత్రం తిట్టిపోశారు. తర్వాత ఈ ఎపిసోడ్‌కి కీ యానిమేషన్, అంటే ముఖ్యమైన బొమ్మలు గీసే పని, చేసినవాళ్లలో షింగో యమషిత ఉన్నాడని చెప్పి, అతని పని ఎక్కడెక్కడ కనిపిస్తుందో చూపించాడు.

ఆ తర్వాత అసలు పని ఎలా జరుగుతుందో విడమరిచి చెప్పాడు. సెకనుకి 24 ఫ్రేములు. టీవీ అనిమేలో ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములో, మూడు ఫ్రేములో అలాగే ఉంచుతారు. అంటే సెకనుకి కొత్త బొమ్మలు 12 లేదా 8 అన్నమాట. ముఖ్యమైన భంగిమలు కీ యానిమేటర్ గీస్తాడు, వాటి మధ్య బొమ్మలు ఇంకొకరు నింపుతారు. ఎవరు గీసినా పాత్ర మొహం ఒకేలా ఉండేట్టు యానిమేషన్ డైరెక్టర్ కూర్చుని దిద్దుతాడు. 167లో ఆ దిద్దుడు పక్కన పెట్టి కదలికకి పెద్దపీట వేశారు. ఆపి చూస్తే వికారంగా ఉన్న బొమ్మే, ఆడుతున్నప్పుడు దెబ్బ బరువు తెలిసేలా చేస్తుంది.

చదివి ఊరుకోలేకపోయాను. కంప్యూటర్‌లో యూట్యూబ్ పెట్టి ఆ ఫైట్ క్లిప్ తీశాను. వీడియో ఆపేసి కీబోర్డ్‌లో ఫుల్‌స్టాప్ బటన్ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకెళ్తుంది, కామా నొక్కితే వెనక్కొస్తుంది. మీరూ చేయండి, ఇవాళే చేయండి. పెయిన్ మొహం ఒక ఫ్రేమ్‌లో పక్కకి సాగి, తర్వాత బొమ్మలో మళ్లీ కుదురుకుంటుంది. మామూలు స్పీడ్‌లో మన కంటికి అది ఆనదు, ఊపు మాత్రం తగులుతుంది. ఎప్పుడో చూసేసిన ఎపిసోడ్ కొత్తగా చూడాలనిపించిందంటే ఆ క్రెడిట్ పూర్తిగా ఈ వ్యాసానిదే.

మన తెలుగువాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు కదండీ. టైటిల్స్‌లో ఫైట్ మాస్టర్ పేరు పడితే ఈలలేసే జనం మనం. కెమెరామన్ ఎవరు, ఎడిటర్ ఎవరు అని టీ కొట్టు దగ్గర గంటలు గంటలు వాదించుకుంటాం. అనిమే దగ్గరికొచ్చేసరికి ఆ అలవాటు ఎక్కడికి పోయింది? చిన్నప్పుడు గాజువాకలో మా ఇంట్లో దూరదర్శన్‌లో మోగ్లీ చూసేవాళ్లం. 1993లో వచ్చింది. అది నిప్పాన్ యానిమేషన్ అనే జపాన్ సంస్థ తీసిందని మా వీధిలో ఒక్కరికీ తెలీదు. ఇప్పుడు తెలుగు డబ్బింగ్‌లు వస్తున్నాయి. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్ అనే అనిమే సినిమా తెలుగులో థియేటర్లకే వచ్చింది. నేను చూసిన హాల్లో కథ అయిపోగానే లైట్లు వేసేశారు. తెర మీద ఇంకా వందల పేర్లు నడుస్తున్నాయి, జనం బైక్ తాళాలు తీసుకుని మెట్లు దిగిపోతున్నారు. ఆ పేర్లు చదవడం నేర్పేవాళ్లు ఉన్నారు చూడండి, అభిమానుల్లోని ఈ రాతగాళ్లు, వాళ్ల విలువ నాకు అక్కడ తెలిసింది.

ఇంతకుముందు ఇదే ఛానెల్‌లో ఒక అనిమే గైడ్ బుక్ రివ్యూ చేశాను, గుర్తుందా? గట్టి అట్ట, రంగుల పేజీలు, చేత్తో పట్టుకుంటే బరువు. లోపలేముంది? ఏ పాత్ర ఎత్తెంత, బ్లడ్ గ్రూప్ ఏంటి, ఎవరు ఎవరికంటే బలవంతుడు. ఆ పాత్రల్ని గీసిన మనిషి పేరు పుస్తకమంతా వెతికినా దొరకలేదు. దాని ముందు ఈ బ్లాక్ అండ్ వైట్ పత్రిక ఎంతో ఎత్తున ఉంది.

సరే, ఇంకో వ్యాసం. స్పిరిటెడ్ అవే, 2001 సినిమా, జపాన్ దర్శకుడు మియజకిది. అందులో నీళ్ల మీద వెళ్లే రైలు సీన్ ఉంది కదా. కథానాయిక చిహిరో అనే చిన్నపిల్ల, పక్కన నో ఫేస్ అనే ఆత్మ. కమాజీ అనే ముసలాయన టికెట్లిస్తూ, ఆరో స్టేషన్‌లో దిగమంటాడు, ఇదివరకు తిరుగు రైలు కూడా ఉండేది, ఇప్పుడు వెళ్లడమే అంటాడు. ఆ రైలెక్కాక దాదాపు మాటలుండవు. ప్రయాణికులు నీడల్లా ఉంటారు. ఒక స్టేషన్‌లో ఒక అమ్మాయి నీడ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఉంటుంది, రైలు వెళ్లిపోతుంది, అంతే. ఈ వ్యాసం రాసినమ్మాయి ఆ ప్లాట్‌ఫామ్ అమ్మాయి గురించే రాసింది. కథలో ఆమెకి పని లేదు, పేరు లేదు, అయినా ఎవరో కూర్చుని ఆమెని గీశారు, ఎందుకు గీశారు అని అడుగుతుంది. జవాబు కోసం సిద్ధాంతాలేం తీయదు. ఆ సీన్‌లో ఏ షాట్ తర్వాత ఏ షాట్ వస్తుందో, నీళ్ల రంగు ఎప్పుడు మారుతుందో, దీపాలు ఎప్పుడు వెలుగుతాయో వరసగా చెప్పుకుంటూ వెళ్తుంది. రోజూ బీచ్ రోడ్డు మీద బస్సులో తిరిగే మనిషి రాసిన వ్యాసం అని చదువుతుంటేనే తెలుస్తుంది, నీటి మీద వెలుతురు గురించి అంత కచ్చితంగా రాసింది. నాకు ఈ పత్రికలో బాగా నచ్చిన వాక్యాలు ఇక్కడే ఉన్నాయి. చదివి వినిపించను, మీరే కొని చదవాలి.

చరిత్ర పేజీలు ఒక రెండున్నాయి. 1975 డిసెంబర్‌లో టోక్యోలో మొదటి కామికెట్ జరిగిందట, అభిమానులు సొంతంగా అచ్చేసుకున్న పుస్తకాలు అమ్ముకునే సంత. 32 బృందాలు, సుమారు 700 మంది జనం. ఇవాళ దానికి లక్షల్లో వస్తారు. సమాచారం బాగుంది, రాసిన తీరు మాత్రం పరీక్షకి నోట్స్‌లా ఉంది. దాటేయండి.

క్యోటో యానిమేషన్ అనే జపాన్ స్టూడియో మీద రాసిన వ్యాసం మాత్రం దాటేయొద్దు. 2019 జులై 18న ఆ స్టూడియోకి ఒకడు నిప్పు పెట్టాడు. 36 మంది పోయారు. వాళ్లలో యోషిజి కిగామి ఒకరు. 1988 నాటి అకీరా సినిమాకి కూడా కీ యానిమేషన్ చేసిన మనిషి, ఆ స్టూడియోలో ఎంతోమందికి గురువు. ఎ సైలెంట్ వాయిస్ సినిమాలో పాత్రలకి రూపమిచ్చిన ఫుతోషి నిషియా కూడా ఆ మంటల్లోనే పోయారు. ఈ వ్యాసం ఏం చెబుతుందంటే, కిగామి చేతి పని ఏ సీన్‌లో ఉందో ఏళ్ల తరబడి వెతికి రాసిపెట్టిన అభిమానులు ముందునుంచే ఉన్నారు. జీతం లేదు, ఎవరూ అడగలేదు. వాళ్లు రాసిపెట్టారు కాబట్టే, ఆ వార్త వచ్చిన రోజున దేశంకాని దేశంలో ఉన్నవాళ్లకి కూడా పోయింది ఎవరో, వాళ్లు మనకి ఏం ఇచ్చారో తెలిసింది. ఇది చదివాక కాసేపు పత్రిక పక్కన పెట్టేశాను. అభిమానుల రాతలంటే టైమ్‌పాస్ అనేవాళ్ల చేతిలో నేను ఈ ఒక్క వ్యాసం పెడతాను.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. చాలా కోపం తెప్పించింది, కాబట్టి కొంచెం ఎక్కువే మాట్లాడతాను.

ఇదిగో, రైలు వ్యాసం మొదటి పేజీ. శీర్షిక ఉంది. కింద ఎవరు రాశారో లేదు. చివరి పేజీ చూడండి, లేదు. 167వ ఎపిసోడ్ వ్యాసం, లేదు. క్యోటో వ్యాసం, అక్కడా లేదు. వెనక అట్ట లోపలివైపు, అడుగున, ఇంత చిన్న అక్షరాల్లో రాసినవాళ్ల పేర్లన్నీ గుత్తగా వేశారు. ఏ వ్యాసం ఎవరిదో తెలీదు. అబ్బాయి రాశాడు, అమ్మాయి రాసింది అని ఇందాకట్నుంచి చెబుతున్నానే, అది కూడా వాళ్లని అడిగితే తెలిసిందే. ఎక్కడో జపాన్‌లో ఒక సీన్ గీసిన మనిషి పేరు ప్రపంచానికి తెలియాలని ఇన్ని పేజీలు రాసినవాళ్లు, సొంత పేర్లని ఇలా మూలకి తోసేస్తారా?

ద్వారకానగర్‌లో వాళ్లు ప్రింట్ వేయించుకునే షాపు దగ్గర వాళ్లలో ఒక తమ్ముణ్ణి కలిశాను. ఇదే అడిగాను.

"యానిమేటర్ల పేర్లు చదివితే చాలన్నా. మా పేర్లు ఎవరికి కావాలి?" అన్నాడు.

"నాకు కావాలి తమ్ముడూ," అన్నాను. "ఆ రైలు వ్యాసం రాసినమ్మాయి ఇంకేం రాసిందో నేనెలా వెతుక్కోవాలి?"

తలొంచుకుని నవ్వాడు. వాళ్లది వినయమే, నాకు తెలుసు. మంచి పిల్లలు. కానీ ఈ విషయంలో వాళ్ల మాట నేను ఒప్పుకోను. రాసే చేతికి పేరు ఉండాలి. ఒక యానిమేటర్ గీత గుర్తుపట్టడానికి అతని పాత పనులన్నీ చూడాలని రాసింది వాళ్లే కదా? రచయితకి కూడా అంతే. పేరు పక్కన ఉంటేనే ఒక వ్యాసం నుంచి ఇంకో వ్యాసానికి వెళ్తాం, ఆ మనిషి చూపు ఏంటో పట్టుకుంటాం, వచ్చే ఏడాది ఇంకెంత బాగా రాశారో చూస్తాం.

ఇక తయారీ. నడిమధ్య రెండు స్టేపుల్ పిన్నులు, పల్చటి కాగితం. సముద్రం దగ్గర ఇల్లున్నవాళ్లు జాగ్రత్త, నా కాపీలో పిన్ను చుట్టూ అప్పుడే తుప్పు మరక మొదలైంది. మన ఊరి గాలికి ఇనుము ఆగదు, దారంతో కుట్టిస్తే మంచిది. ఫోటోలు కొన్ని నల్లగా అచ్చయ్యాయి, ముఖ్యంగా రాత్రి సీన్లు. అక్షరాలు మాత్రం చక్కగా ఉన్నాయి, ఒత్తులు ఎక్కడా విరగలేదు. కథ బయటపడే చోట ముందుగా ఒక గీత పెట్టి హెచ్చరించారు. అది నాకు బాగా నచ్చింది.

కొనాలా? కొనండి. అనిమే అసలు చూడనివాళ్లయితే రైలు వ్యాసంతో మొదలుపెట్టండి, ఆ సినిమా ఒకసారి చూసి మళ్లీ చదవండి. నరుటో చూసి పెరిగినవాళ్లయితే 167తో మొదలుపెట్టండి, పక్కన కంప్యూటర్ ఉంచుకోండి. ఇంట్లో చెల్లో తమ్ముడో రాత్రిళ్లు ఎపిసోడ్లు చూస్తూ నోట్‌బుక్‌లో ఏవో రాసుకుంటున్నారా? వాళ్లకి ఒక కాపీ ఇవ్వండి. ఇలా రాసేవాళ్లు మన ఊళ్లోనే ఇంకొందరు ఉన్నారని తెలియడం వాళ్లకి చాలా అవసరం.

పత్రిక టీమ్ ఈ వీడియో చూస్తుంటే, రెండో సంచికకి నాకు ఫ్రీ కాపీ పంపొద్దు. ప్రతి వ్యాసం శీర్షిక కింద, శీర్షికంత అక్షరాల్లో, రాసినవాళ్ల పేరు వేయండి. సొంత పేరు వద్దనుకుంటే పెన్ నేమ్ అయినా సరే. ఆ ఒక్క పని చేస్తే నేను షాపుకొచ్చి డబ్బులిచ్చి మూడు కాపీలు పట్టుకెళ్తాను.