ఆ ‘సీ’ ఎక్కడికీ పోదు

అందరికీ నమస్కారం. మెడికల్ కాలేజీకి సిద్ధమవుతూ ప్రీమెడ్ చదువుతున్న పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఇంతమంది వచ్చినందుకు సంతోషం.

పోయిన నెల మా ఇంటికి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి ట్రాన్స్‌క్రిప్ట్, అంటే కాలేజీ గ్రేడ్ల పట్టిక, చూపించింది. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎదురుగా ‘సీ’ గ్రేడు. నాన్నగారు తేలిగ్గానే అన్నారు: “మళ్లీ రాస్తే పాతది పోతుంది కదండీ, మన బెటర్‌మెంట్ లాగా!”

పోదండీ. ఇంటర్లో మనం బెటర్‌మెంట్ రాస్తే ఎక్కువ వచ్చిన మార్కే నిలిచేది. ఇక్కడ అమెరికాలో డాక్టర్ కావడానికి ఎండీ డిగ్రీ ఇచ్చే కాలేజీల్లో చాలావాటికి దరఖాస్తులు వెళ్లే ఉమ్మడి వ్యవస్థ ఆమ్‌కాస్ రెండు గ్రేడ్లనూ లెక్కేస్తుంది. సీకి 2, ఏకి 4 పాయింట్లు; ముందు సీ, తర్వాత ఏ వస్తే ఆ కోర్సుకి సగటు 3.0. డాక్టర్ కావడానికే ఉన్న ఇంకో డిగ్రీ డీఓ (ఆస్టియోపతిక్ వైద్యం), ఆ కాలేజీల దరఖాస్తు వ్యవస్థ ఆకోమాస్‌లో కొత్త గ్రేడే నిలిచే వెసులుబాటు ఉండేది, 2017లో దాన్నీ తీసేశారు. పైగా ఆమ్‌కాస్‌లో మొత్తం జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, కాక బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌కి విడిగా ఒక సైన్స్ జీపీఏ కడతారు. అంటే ఒకే గ్రేడు రెండు చోట్ల దెబ్బ తీస్తుంది.

ఇంకో మాట, హైస్కూల్ పిల్లల తల్లిదండ్రులు గట్టిగా వినాలి. డ్యూయల్ క్రెడిట్‌లో, అంటే హైస్కూల్లో ఉండగానే, తీసుకున్న కాలేజీ కోర్సుల గ్రేడ్లూ ఈ లెక్కలోకే వస్తాయి. “ముందే అయిపోతుంది” అని పదహారేళ్ల పిల్లల చేత కాలేజీ కెమిస్ట్రీ తీయిస్తుంటే నాకు నిజంగా భయమేస్తుంది.

అలాగని ఒక్క సీతో దారి మూసుకుపోదు. సీ మైనస్ వస్తే చాలా మెడికల్ కాలేజీలు ఆ కోర్సు పూర్తయినట్టు ఒప్పుకోవు, అది మళ్లీ చదవక తప్పదు. సీ వచ్చి, సబ్జెక్టు బుర్రకెక్కి ఉంటే, దాన్నే మళ్లీ చదివే బదులు బయోకెమిస్ట్రీలో ఏ తెచ్చుకోవడం మేలని నా అభిప్రాయం. బుర్రకెక్కకపోతే మాత్రం కూర్చుని మళ్లీ నేర్చుకోవాల్సిందే, మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో ఆర్గానిక్ మళ్లీ ఎదురొస్తుంది. మొదటి 30 క్రెడిట్లలో జీపీఏ 3.0 ఉన్నా, తర్వాతి 30లో 4.0 తెస్తే మొత్తం 3.5 అవుతుంది. గ్రేడ్లు ఏడాదివారీగా కనిపిస్తాయి కాబట్టి, ఆ ఎదుగుదల అడ్మిషన్ కమిటీ కంట పడుతుంది.

ఆ అమ్మాయిని అడిగాను, “ఆ సెమిస్టర్‌లో ఇంకేం తీసుకున్నావమ్మా?” అని. ఫిజిక్స్, జెనెటిక్స్, వాటి ల్యాబులు, పైన వారానికి ఇరవై గంటల రీసెర్చ్. నాన్నగారికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. చాలాసేపు కూతురి వైపే చూస్తూ ఉండిపోయారు.

ఇప్పుడు తను రీసెర్చ్ గంటలు తగ్గించుకుంది. కష్టమైన కోర్సు బయోకెమిస్ట్రీ ఒక్కటే. సందేహాలు అడగడానికి వారానికి రెండుసార్లు ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్తోంది. మొదటి మిడ్‌టర్మ్ వచ్చే గురువారం.